ఇడ్లీ రేకుల్లో బోల్టులు

ఆ పొద్దున గొన్నూరులో హైమవతి ఇంట గొడవ ఇడ్లీ రేకుల దగ్గర మొదలైంది. రాత్రి రుబ్బిన పిండి బాగా పొంగి గిన్నె మూతని కాస్త పైకి లేపి చూస్తోంది. పొయ్యి వెలిగింది, అడుగుగిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి, రేకులు మాత్రం లేవు. వంటింట్లో ఏ వస్తువు ఏ మేకుకి ఉండాలో ఆ మేకుకే ఉండాలనే మనిషి హైమవతి. ఖాళీ మేకుని చూసి ఆమె ఎవర్నీ ఏమీ అడగలేదు. పొయ్యి తగ్గించి, నేరుగా పెరట్లోని ట్రాక్టరు షెడ్డుకి వెళ్ళింది.

రేకులు అక్కడే ఉన్నాయి. ఇడ్లీలకి నెయ్యి రాసినట్టు గుంటగుంటకీ గ్రీజు రాసి, ఒక్కో గుంటలో ఒక్కో బోల్టు పడుకోబెట్టి ఉంది. వాటి ముందు ముక్కాలిపీట మీద ఆమె భర్త పూర్ణచంద్రరావు ధ్యానంలో ఉన్నట్టు కూర్చున్నాడు.

“అవి ఇడ్లీ రేకులండీ,” అంది హైమవతి.

“తెలుసు. కదపమాకు. ఒక్కో గుంటలోది బండిలో ఒక్కో చోటిది. కలిసిపోయినయ్యంటే నా పనైపోయినట్టే.”

“గ్రీజు వాసన పోతుందా?”

“సబ్బు పెట్టి తోమితే పోద్ది.”

“తోమేదెవరు?”

ఆయన ఒక బోల్టుని ఇంకాస్త సరిగా పడుకోబెట్టాడు. ఇరవయ్యారేళ్ళ కాపురంలో ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆయనకి ఏదో ఒక పని గుర్తొచ్చేది. ఇంతలో వసారాలోంచి అత్తగారు సామ్రాజ్యమ్మ, పొద్దున్నే ఏంది మీ పంచాయితీ, దిబ్బరొట్టె వెయ్యి అమ్మాయ్, నాకదే ఇష్టం అని కేకేసింది. హైమవతి దిబ్బరొట్టె వేసింది. మూకుడు అడుగున రొట్టె ఎర్రగా కాలేలోపు ఆమె కోపం కూడా కాస్త దిగింది. రేకులు రెండు రోజుల్లో తిరిగొస్తాయనే అప్పుడామె అనుకుంది.

ఆ ట్రాక్టరు హైమవతి మామగారు బుచ్చయ్య కొన్నది. సముద్రం అవతల ఏదో చలిదేశంలో తయారై, ఓడలో మద్రాసు రేవుకి దిగి, రైలెక్కి తెనాలి దాకా వచ్చి, అక్కడినుంచి తన చక్రాల మీద తాను గొన్నూరు చేరిందని ఇంట్లో చెప్పుకుంటారు. ఇప్పుడు ఊళ్ళో దానికంటే మూడింతలు బలమైన ట్రాక్టర్లున్నాయి. కానీ వీళ్ళ నాలుగెకరాలు కాలవ చివర ఊబినేల. ఎంత పెద్ద బండైనా అందులో దిగిందంటే ఇరుసు దాకా కూరుకుని, దాన్ని లాగడానికి ఇంకో రెండు బళ్ళు కావాల్సొస్తుంది. ఈ ముసలిది తేలిక. ఏటా కాలవ నీళ్ళు రాగానే ఇనప చక్రాలు తగిలించుకుని, చేలోకి దిగి, నాట్లకి బురద కలిపి దమ్ము చేసి, ఏమీ జరగనట్టు ఇంటికొచ్చేది.

దాని రంగు చిలకపచ్చ. అది కంపెనీ వేసిన రంగు కాదు. ఒక ఏడు పంట బాగా పండితే సామ్రాజ్యమ్మ చిలకపచ్చ పట్టుచీర అడిగిందట. బుచ్చయ్య తల గోక్కుని, డబ్బంతా బండి ఇంజను పనికే అయిపోయిందన్నాడట. అయితే ఆ రంగు బండికే వేయించు, నేను కట్టకపోతే అదైనా కడుతుంది అందట ఆవిడ. మర్నాడే ఆయన రంగు డబ్బాలు తెచ్చాడు. అప్పట్నుంచీ బండి చీర కట్టుకునే తిరుగుతోంది. ఎడమవైపు మడ్‌గార్డు మీద సామ్రాజ్యమ్మ కూర్చుని, ఒళ్ళో క్యారేజీ, చేతిలో మజ్జిగ కూజా పెట్టుకుని రోజూ పొలం వెళ్ళేది. ఆవిడ కూర్చునీ కూర్చునీ ఆ రేకు వెడల్పాటి పళ్ళెంలాగా గుంటపడింది. ఎనభై దాటినా దమ్ము మొదలుపెట్టే రోజున ఆవిడ ఆ గుంటలో కూర్చుని చేనికి వెళ్ళాల్సిందే. ఆవిడ లేకుండా ఒక్క ఏడు కూడా బండి చేలో దిగలేదు.

ఆ బోల్టులు విప్పడానికి కొన్నాళ్ళ ముందే సర్కారు వారికి పాత ట్రాక్టర్ల మీద ప్రేమ పుట్టింది. ప్రాచీన వ్యవసాయ యంత్రాల మూలరూప పరిరక్షణ సంస్థ అని ఒకటి వెలిసింది. ‘ఉన్నది ఉన్నట్టు’ అనేది దాని నినాదం. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడానికి ఆఫీసెందుకని ట్రాక్టరు మెకానిక్కు కరీముల్లా అడిగాడు గానీ, అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. పాత ట్రాక్టరు మూలరూపంలో ఉన్నట్టు రుజువైతే దానికి ఇత్తడి బిళ్ళ ఇస్తారు. యజమాని ఇష్టాయిష్టాలు ఎక్కడ కనబడినా బిళ్ళ రాదు. నిబంధనల భాషలో దాన్ని ‘వ్యక్తిగత అభిరుచి దోషం’ అంటారు.

పూర్ణచంద్రరావు జీవితంలో పేకాట ఆడలేదు, సిగరెట్టు కాల్చలేదు, ఎన్నికల్లో నిలబడలేదు. ఇన్నాళ్ళుగా పోగైన ఉత్సాహమంతా ఒక్కసారిగా ఇత్తడి బిళ్ళ మీద పడింది. ఫోనులో పాత ట్రాక్టర్ల బృందంలో చేరాడు. అన్నం తింటూ, పంజాబులో ఒకాయన అసలు సిసలు దీపం గాజు కోసం మూడు రాష్ట్రాలు తిరిగాడని చెప్పేవాడు. హైమవతి మజ్జిగ పోస్తూ, ఆ దీపం ఇప్పుడు వెలుగుతుందా అని అడిగింది. వెలిగించకూడదట, గాజు వేడెక్కుతుంది.

మొదటి తనిఖీకి జిల్లా మూలరూప నిర్ధారణాధికారి పతంజలిరావు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలోంచి ఇస్త్రీ చేసిన మనిషి బయటికొచ్చినట్టుండేవాడు. చేతులకి తెల్లని తొడుగులు, మెడలో భూతద్దం. వెనక ఒక బంట్రోతు, ఆయన అన్నదల్లా రాసుకోవడానికి. ఆయన బండి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, ఆగి, గొంతు సవరించుకున్నాడు.

“సదరు యంత్రంపై అభిరుచి తీవ్రస్థాయిలో వ్యాపించియున్నది,” అన్నాడు.

సీటు మీద బూరుగుదూది దిండు అభిరుచి. దిష్టికి కట్టిన నల్లతాడు, గవ్వలు అభిరుచి. ముందు భాగాన రాయించిన ‘బుచ్చయ్య, గొన్నూరు’ అభిరుచే, పైగా అక్షరాలకి నీడ కూడా వేయించారు గనక రెండు అభిరుచులు. చిలకపచ్చ రంగు దగ్గర ఆయన మాటలు వెతుక్కుని, చివరికి “ఘోరం” అని మాత్రం రాయించాడు. దసరాకి పెట్టిన పసుపు బొట్టు దగ్గర కాసేపు ఇబ్బంది పడ్డాడు. దాన్ని కాదంటే దేవుడితో గొడవ, అవునంటే నిబంధనతో గొడవ. ఆఖరికి దాన్ని ‘చూడలేదు’ అని రాయమన్నాడు.

ఎడమ మడ్‌గార్డు గుంటని వేలితో తడిమి, ఇది సాపు చేయించవలెను అన్నాడు. వసారాలో కూర్చున్న సామ్రాజ్యమ్మ వక్క నమలడం ఆపింది. హైమవతి మాత్రం అది గమనించింది. అత్తగారు వక్క నమలడం మధ్యలో ఆపగా ఆమె ఇంతకు ముందు ఒక్కసారే చూసింది, మామగారు పోయిన రోజున.

తర్వాత పతంజలిరావు కళ్ళు రేకుల మీద పడ్డాయి. వాటిలోవి ఏమిటన్నాడు. బోల్టులన్నాడు పూర్ణచంద్రరావు, గర్వంగా, అన్నీ బండితో వచ్చినవేనని. అధికారి ముఖం వెలిగింది. ఈ బండిలో అభిరుచి సోకని భాగాలు ఇవి మాత్రమేనని తేల్చాడు. పరీక్ష ముగిసేదాకా ఇవి ఉన్నచోటు నుంచి అంగుళం కదలరాదు. బంట్రోతు రేకుల చుట్టూ పురికొస కట్టి, లక్క కరిగించి ముద్రేశాడు.

“అవి నా ఇడ్లీ రేకులండీ,” అంది హైమవతి.

“ప్రస్తుతానికవి ఆధార పాత్రలమ్మా,” అన్నాడు పతంజలిరావు మర్యాదగా. “ఇడ్లీ అన్నది వాటి పూర్వోపయోగం.”

ఆ రాత్రి నుంచి పూర్ణచంద్రరావు రంగు గీకడం మొదలుపెట్టాడు. మూలరూపం ఏ రంగో ఎవరికీ తెలియదు కాబట్టి, పొరలు విప్పుకుంటూ పోతే అన్నిటికంటే అడుగున అదే దొరుకుతుందని పతంజలిరావు సూత్రం. చిలకపచ్చ కింద ఆకాశనీలం వచ్చింది. దాని కింద ఇటుకరంగు. దాని కింద బూడిదరంగు పూత. ప్రతి రంగు దగ్గరా పూర్ణచంద్రరావు ఇదేనని ఫోటో పంపడం, ఇంకా కిందికి వెళ్ళండి అని అధికారి జవాబివ్వడం. చివరికి ఇనుము తగిలింది. గీకడానికి ఇంకేమీ లేకపోయేసరికి ఆయన ఆగాడు. పచ్చటి పెచ్చులు షెడ్డు నేలంతా రాలి ఉన్నాయి. సామ్రాజ్యమ్మ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, వంగి, అరచేయంత పెచ్చొకటి ఏరుకుని చీర కొంగున ముడేసుకుంది.

“నా చీర లాగేశావు కదరా,” అంది కొడుకుతో, మామూలుగానే.

పూర్ణచంద్రరావు నవ్వబోయి ఆగిపోయాడు.

ఇక మడ్‌గార్డు మిగిలింది. సుత్తి తెమ్మని కరీముల్లాకి కబురుపెడితే అతను వచ్చాడు గానీ సుత్తి తేలేదు. అతను పుట్టినప్పట్నుంచీ సామ్రాజ్యమ్మని ఆ గుంటలోనే చూశాడు.

“సుత్తి రేపల్లెలో మర్చిపోయాను అన్నా,” అన్నాడు. తర్వాతి వారం అడిగితే, సుత్తి దొరికింది గానీ దానికి పిడి లేదన్నాడు. ఆ తర్వాతి వారం పిడి ఉంది, మంచి రోజు లేదు. హైమవతి అతను వచ్చినప్పుడల్లా టీతో పాటు రెండు జంతికలు ఎక్కువ పెట్టేది.

రెండో తనిఖీ నాటికి కాలవలకి నీళ్ళొదిలారు. నారుమడిలో నారు జానెడు దాటింది. హైమవతి బియస్సీలో వృక్షశాస్త్రం చదివింది. ఆ చదువు ఆమెకి ఉద్యోగం ఇవ్వలేదు గానీ, ఏ ఆకు ఎందుకు పసుపెక్కుతోందో చూడగానే చెప్పే చూపునిచ్చింది. నారు ముదరబోతోంది. ఇంకో పది రోజుల్లో దమ్ము చేసి నాటకపోతే కర్రలు నాటుకున్నట్టే. ఊళ్ళో ట్రాక్టర్ల వాళ్ళందరినీ అడిగి చూసింది. వీళ్ళ చేను పేరు చెప్పగానే ఒకడు కూడా వస్తాననలేదు. కిందటిసారి దిగబడిన బండి బురద ఇంకా కడుగుతూనే ఉన్నాం వదినా అన్నాడొకాయన.

పతంజలిరావు ఈసారి ఇనప బండిని చూసి సంతోషించాడు. కానీ అక్కడక్కడా ఎర్రగా తుప్పు లేచింది. ఈ తుప్పు ఎక్కడిదన్నాడు.

“ఇక్కడిదేనండీ. మొన్నటి వానకి పట్టింది,” అన్నాడు పూర్ణచంద్రరావు అమాయకంగా.

అధికారి తల అడ్డంగా ఊపాడు. యంత్రం జన్మదేశపు తుప్పైతే గౌరవనీయమట. ఇది స్థానిక తుప్పు, కల్తీ. తుప్పు గీకేయాలి. గీకితే ఇనుము తగ్గుతుంది గనక గీకరాదు కూడా. ఈ విషయంలో పై కార్యాలయం నుంచి స్పష్టత వచ్చేవరకు తుప్పు పెరగకుండా, తరగకుండా యథాస్థితిలో ఉంచవలెను. బంట్రోతు రాసుకుని, అది ఎట్లా సార్ అని అడగబోయి, పెన్ను మూత పెట్టుకున్నాడు.

తర్వాత టైర్ల దగ్గర కూర్చుని, ఇందులో గాలి ఎప్పటిది అన్నాడు.

“నిన్న పంక్చరు కొట్లో కొట్టించాను.”

“అనగా ఆధునికమైన గాలి.”

పాతకాలపు గాలి లభ్యం కాని పక్షంలో గాలి లేకుండుటే మూలరూపానికి చేరువ అని ఆయన తేల్చాడు. నాలుగు టైర్లలోంచి గాలి తీశారు. బండి నిట్టూర్చినట్టు చప్పుడు చేసి కిందికి కూలబడింది. చూసేవాళ్ళకి అది కూడా మోకాళ్ళ నొప్పులున్న మనిషిలా కనబడింది.

హైమవతికి నారుమడి గుర్తొచ్చింది. రెండు రోజులు గాలి కొట్టుకుని, దమ్ము చేసుకుని, మళ్ళీ గాలి తీసేస్తే కుదరదా అని మెల్లగా అడిగింది. పతంజలిరావు ఆమెవైపు జాలిగా చూశాడు.

“అమ్మా, కర్మాగారం గేటు దాటిన క్షణమున ఈ యంత్రము ఏ పొలమునూ దున్నియుండలేదు. దున్నుట అన్నది తదనంతరం యజమాని చేర్చిన మార్పు. దానినే మేము అభిరుచి అంటాము.”

“దున్నకుండా ఉంచుకోవడానికి ట్రాక్టరు ఎవరు కొంటారండీ?”

“చూశారా, మళ్ళీ అభిరుచి,” అన్నాడాయన.

ఇంజను స్టార్టు చేయరాదని, చక్రం తిరగరాదని ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. పూర్ణచంద్రరావు దాన్ని చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాడు. ఆ రాత్రి అన్నంలో ఆయన చెయ్యి ఊరికే తిరుగుతుంటే హైమవతి చూసింది. బిళ్ళ వద్దు, మానేద్దాం అనొచ్చుగా అంది. మానడానికి లేదట. ఒకసారి నమోదైన యంత్రం సంస్థ రక్షణలోకి పోతుంది. మానడం కూడా యజమాని అభిరుచి కిందికే వస్తుంది. మొదటి రోజు పూర్ణచంద్రరావు సంతకం పెట్టిన కాగితంలో ఆ ముక్క ఉంది. చదవలేదా అని హైమవతి అడగలేదు. ఆయన కళ్ళజోడు ఆ రోజున బండి మీదే ఉందని ఆమెకి తెలుసు.

“తప్పు చేశాను హైమా,” అన్నాడు కంచం వైపు చూస్తూ.

ఆమె ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. అది క్షమించడమా కాదా అనేది ఆయన తేల్చుకోవాల్సిన సంగతి.

మర్నాడు ఆమె సంస్థ వాళ్ళిచ్చిన నిబంధనల పుస్తకం తీసి, బియ్యంలో రాళ్ళేరినట్టు వాక్యం వాక్యం ఏరింది. అందులో ఏముందో ఎవరికీ చెప్పలేదు. అత్తగారి దగ్గర కూర్చుని వక్కలు కత్తిరిస్తూ చాలాసేపు మాట్లాడింది. లోపల్నుంచి సామ్రాజ్యమ్మ నవ్వు రెండుమూడుసార్లు వినబడింది.

వారం తిరక్కముందే మూడో తనిఖీకి పతంజలిరావు లారీ మాట్లాడుకునే వచ్చాడు. తుప్పు సంగతి పై కార్యాలయం చూసుకుంటుంది, మిగతా దోషాలన్నీ తొలగాయి గనక బండిని జిల్లా ప్రదర్శనశాలకి తరలిస్తారు. మర్నాటికి లారీ వస్తుంది. అక్కడ దాని చుట్టూ తాడు కట్టి, ముట్టరాదు అని బోర్డు పెడతారు. పూర్ణచంద్రరావుకి బిళ్ళ ఇస్తారు. బండి లేని బిళ్ళ ఎక్కడ తగిలించుకోవాలో మాత్రం నిబంధనల్లో లేదు.

ఆయన చివరిసారి భూతద్దం పెట్టి చూస్తూ ఎడమ మడ్‌గార్డు దగ్గర ఆగిపోయాడు. గుంట అలాగే ఉంది.

“దీనికి కారణమెవరు?” అన్నాడు కటువుగా.

“నేనే నాయనా,” అంది సామ్రాజ్యమ్మ వసారాలోంచి.

“ఎప్పటినుంచి?”

“బండి ఇంటికొచ్చిన రోజు నుంచే. తెనాలి స్టేషన్లో రైలు దిగంగానే మా ఆయన ముందు నన్నెక్కించాడు, తర్వాత ఆయనెక్కాడు. స్టేషను నుంచి ఇక్కడిదాకా అందులోనే కూర్చునొచ్చాను.”

పతంజలిరావు తొడుగులు సర్దుకున్నాడు. దారి పొడవునా కూర్చుని వచ్చిందంటే, గుంట మొదలైనది యంత్రం యజమాని ఇంటికి చేరకముందే. అప్పటికింకా అభిరుచి మొదలుకాలేదు. ఆయన కళ్ళు మెల్లగా గుంట మీంచి ముసలావిడ మీదికి, ముసలావిడ మీంచి గుంట మీదికి వెళ్ళాయి. పరీక్షార్థం ఒకసారి కూర్చోవలసిందిగా అభ్యర్థించాడు. కరీముల్లా, పూర్ణచంద్రరావు చెరో రెక్క పట్టుకుని ఆవిడని పైకెక్కించారు. సామ్రాజ్యమ్మ చీర సర్దుకుని కూర్చుంది. అధికారి నాలుగు వైపుల నుంచీ చూశాడు. ఎక్కడా సందు లేదు. మూత గిన్నెకి సరిపోయినట్టు సరిపోయింది.

“భాగము అమరినది,” అన్నాడు. “రాసుకో. సదరు వృద్ధమహిళ యంత్రముతో పాటు వచ్చిన మూల భాగముగా నిర్ధారించబడినది.”

బంట్రోతు రాసుకున్నాడు. సామ్రాజ్యమ్మ, నేనేంది భాగమేంది అంది. హైమవతి ఆవిడ చెయ్యి మెల్లగా నొక్కింది. పతంజలిరావు ఉత్సాహం ఆగడం లేదు. జిల్లాలో ఇలాంటిది ఇదే మొదలు. మూల భాగానికి తరువాత జరిగిన చేర్పులన్నీ నమోదు చేయమన్నాడు. కళ్ళజోడు, చేర్పు. చేతికర్ర, చేర్పు. కట్టుడు పళ్ళు చేర్పే, తనిఖీ సమయంలో తీసి ఉంచవలెను.

“పళ్ళు తీస్తే తిట్లు సరిగ్గా పలకవు నాయనా,” అంది సామ్రాజ్యమ్మ. “నీకే నష్టం.”

నెరిసిన జుట్టు సంగతి పై కార్యాలయానికి వదిలేశాడాయన. మర్నాడు లారీలో యంత్రముతో పాటు మూల భాగాన్ని కూడా తరలించవలసి ఉంటుంది. మా అమ్మని తాడు కట్టి నిలబెడతారా అని పూర్ణచంద్రరావు ముందుకొచ్చాడు. హైమవతి ఆయన్ని కళ్ళతోనే ఆపి, అధికారిని ఎంతో వినయంగా అడిగింది.

“ఒక్క సందేహమండీ. మూల భాగాన్ని యంత్రం నుంచి వేరు చెయ్యకూడదని మీ పుస్తకంలో ఉంది. ఎంత దూరం దాకా ఉండొచ్చు?”

“అడుగు దూరము కూడా అనుమతించబడదు.”

“మరి మా అత్తయ్య నడిచే మనిషి గదండీ. బండి ఆమె వెంట రావాలా, ఆమె బండి వెంట ఉండాలా?”

ఇటువంటి ప్రశ్న పతంజలిరావుని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆయన మొహం మీద నిజమైన ఆనందం కనిపించింది. షెడ్డులో అటూ ఇటూ నడిచాడు. భాగం మూలరూపంలో ఉండాలంటే దాని అలవాట్లు కూడా మూలరూపంలోనే ఉండాలి. అలవాటు మాన్పించడమంటే భాగాన్ని మార్చడమే.

“భాగమునకు చలనము సహజ గుణము,” అన్నాడు చివరికి. “దానిని నిరోధించుట మూలరూప భంగము. కావున భాగము ఎచ్చటికి పోవునో యంత్రము అచ్చటికి అనుసరించవలెను. రాసుకో.”

“సంతకం కూడా పెడతారాండీ?” అంది హైమవతి. ఆయన పెట్టాడు. ముద్ర కూడా వేశాడు. ఆమె థాంక్సండీ అని, పొద్దెక్కింది, భోంచేసి వెళ్ళండి అంది.

ఎంత ముంచేవాడైనా భోజనం వేళకి ఇంట్లో ఉంటే కంచం పెట్టడం ఆ ఇంటి పద్ధతి. వసారాలో అందరూ వరసగా కూర్చున్నారు. పతంజలిరావు, బంట్రోతు, పూర్ణచంద్రరావు, కరీముల్లా, గోడకి ఆనుకుని సామ్రాజ్యమ్మ. హైమవతి గోంగూర పచ్చడి, ముద్దపప్పు, దోసకాయ పులుసు వడ్డించింది. పతంజలిరావు తొడుగులు తీసేసి తింటుంటే ఆయనవి మామూలు చేతులే అని అందరికీ తెలిసింది. పచ్చడి రెండోసారి వేయించుకుని, మొహమాటంగా, ఇందులో వెల్లుల్లి ఇంకాస్త పడితే నాకు బాగుండేదమ్మా అన్నాడు.

“అది అభిరుచాండీ?” అంది హైమవతి, నెయ్యి వేస్తూ.

బంట్రోతుకి పొలమారింది. కరీముల్లా అతని వీపు తట్టాడు. పతంజలిరావు తలెత్తకుండా ముద్ద కలిపాడు.

హైమవతి అందరి కంచాల్లోనూ అన్నం చూసి, గరిటె గిన్నెలో పెట్టి, నిలబడే చెప్పింది.

“రేపు అత్తయ్య పొలం వెళ్తున్నారు.”

సామ్రాజ్యమ్మ తల ఊపి, ముద్ద మింగింది. ఏటా వెళ్ళేదే గదా అంది.

పతంజలిరావు చెయ్యి గాల్లో ఆగింది. లారీ వస్తుంది అన్నాడు.

“రానివ్వండి. భాగం ఎక్కడుంటే బండి అక్కడుండాలన్నారు. అత్తయ్య రేపట్నుంచి నాలుగు రోజులు చేలోనే ఉంటారు, అందుకని బండీ చేలోనే ఉంటుంది. లారీని కూడా కావాలంటే చేలోకి తీసుకురండి. మాది ఊబినేల, ముందే చెప్తున్నా.”

“దున్నుట అభిరుచి అని నేను స్పష్టం చేసియున్నాను.”

“యజమాని దున్నితే అభిరుచి. యజమాని రేపు ఇంట్లోనే ఉంటారండీ, ఇవాళ ఇడ్లీ రేకులు తోమి అలిసిపోతారు.” పూర్ణచంద్రరావు తల వంచుకుని ఒప్పుకున్నాడు. “అత్తయ్య చేలో అటూ ఇటూ తిరుగుతారు. బండి అనుసరిస్తుంది. వెనకాల బురద చదును చేసే దమ్ము పట్టె తగిలించి ఉందంటే, అత్తయ్య చేలో తిరిగినప్పుడల్లా అది అట్లాగే తగిలించి ఉండేది. మూలరూపం.”

“నడుపువారు?”

“నేను నేర్చుకున్నానండీ, మామయ్యగారి దగ్గర.”

“టైర్లలో గాలి...”

“గాలి లేకపోతే బండి కదలదు. కదలకపోతే భాగం ముందుకెళ్ళి, యంత్రం వెనక మిగిలిపోతుంది. మీ ఉత్తర్వుని మేం కాదన్నట్టవుతుంది.” ఆమె పులుసు గిన్నె ఎత్తింది. “ఇంకొంచెం వెయ్యమంటారా?”

పతంజలిరావు తన ఉత్తర్వుని మనసులో మొదటినుంచి చివరిదాకా ఒకసారి నడిపించి చూసుకున్నాడు. అది ఎక్కడా ఆగలేదు. నేరుగా వెళ్ళి చేలో దిగింది. తన సంతకం, తన ముద్ర. ఆయన మంచినీళ్ళు తాగి, సూత్రరీత్యా అభ్యంతరము కనబడుట లేదు అన్నాడు. బంట్రోతు ఎడమచేత్తో జేబులో పెన్ను వెతుక్కున్నాడు.

“మరి నాలుగు రోజులయ్యాక?” అని అడిగాడు అధికారి, ఆశ వదులుకోకుండా.

“తర్వాత నాట్లు చూడ్డానికి వెళ్తాను,” అంది సామ్రాజ్యమ్మ. “తర్వాత కలుపు. తర్వాత కోత. ఆ తర్వాత నా మనవరాలి ఊరు పోవాలనుంది, అది గుడివాడ అవతల. నువ్వు లారీ ఖాళీగా పెట్టుకో నాయనా, నేను కబురు పెడతాను.” కొంగు ముడి విప్పి, చిలకపచ్చ పెచ్చు తీసి కొడుకు కంచం పక్కన పెట్టింది. “పంట డబ్బు రాంగానే ఈ రంగు. ఇదే, ఇంకోటి కాదు. షాపువాడికి చూపించి తీసుకురా.”

పూర్ణచంద్రరావు ఆ పెచ్చుని చొక్కా జేబులో వేసుకుని, చెయ్యి కడుక్కోవడానికి లేవబోయాడు.

“కూర్చోండి, మజ్జిగ ఉంది,” అంది హైమవతి. “తిన్నాక మీరూ కరీముల్లా కలిసి ఆ బోల్టులన్నీ ఎక్కడివక్కడ బిగించండి. సాయంత్రానికి నాకు రేకులు కావాలి. పప్పు నానబోశాను. పొలానికి ఇడ్లీ క్యారేజీ కట్టాలి.”

లక్క ముద్ర, అని గొణిగాడు పతంజలిరావు.

“అది వేడినీళ్ళకి పోతుంది లెండి,” అని హైమవతి ఆయన కంచంలో మజ్జిగ పోసింది.